మొక్కల వేళ్లను అంటిపెట్టుకున్న బూజు మట్టిని నిజంగా మారుస్తుందా?

పొదలకూరు నిమ్మతోటల నుంచి ఒంగోలు చుట్టుపక్కల పొగాకు, శనగ చేల దాకా రైతుల మాటల్లో ఇప్పుడు ‘వ్యామ్’ తరచుగా వినపడుతోంది. వేళ్లతో కలిసి బతికే ఒక రకం శిలీంధ్రాన్ని గుళికలుగానో పొడిగానో చేసి అమ్మే సరుకు ఇది. అమ్మేవాళ్లు “నేల గుల్లబారుతుంది, రాళ్లలో ఉన్న పొటాష్ కూడా కరిగి వేరుకు అందుతుంది” అంటారు. ప్రకృతి వ్యవసాయం వైపు ఉన్నవాళ్లు కొనే పనే లేదని, ఆ బూజు నేలలోనే ఉందని, దాన్ని బతకనిస్తే చాలని చెబుతారు. బూజేమిటి, మట్టిని మార్చడమేమిటి అని నవ్వేసేవాళ్లూ ఉన్నారు.

ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా, రెండు వేర్వేరు పనులను కలిపేసి మాట్లాడటంతో వస్తోంది. మట్టి రేణువులు ఒకదానితో ఒకటి ఎలా అతుక్కుని ఉన్నాయన్నది ఒక సంగతి. ఆ రేణువు ఏ ఖనిజంతో తయారైందన్నది ఇంకో సంగతి. మొదటిదాన్ని శిలీంధ్రం ఒకటి రెండు పంటకాలాల్లో మార్చగలదు. రెండోదాన్నీ మారుస్తుంది గానీ, చేలో ఆ మార్పు లెక్కకు వచ్చేంత కావడానికి మనిషి ఆయుష్షు చాలదు.

రేణువు మారదు, అమరిక మారుతుంది

మట్టిని నీళ్లలో పూర్తిగా విడగొడితే తేలేవి మూడు: ఇసుక, ఒండ్రు, బంకమన్ను. తేడా అంతా సైజులోనే. 2 మైక్రాన్ల కంటే చిన్నదైతే బంకమన్ను. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. ఈ మూడూ ఏ పాళ్లలో ఉన్నాయన్నదాన్ని బట్టే ఇది ఇసుక నేల, ఇది రేగడి అంటాం. ఈ పాళ్లను శిలీంధ్రం మార్చలేదు. కొత్తపట్నం తీరంలో ఇసుక మీద ఎన్ని బస్తాలు చల్లినా అది రేగడి కాదు.

కానీ చేలో రేణువులు విడివిడిగా ఉండవు. కొన్ని చేరి చిన్న ముద్దగా, అలాంటివి మరికొన్ని చేరి పెద్ద ముద్దగా ఉంటాయి. వీటిని మట్టి గుత్తులు అనుకుందాం. గాలి ఆడటం, వాన నీరు లోపలికి దిగడం, వేరు దూరడం అన్నీ గుత్తుల మధ్య సందుల మీద ఆధారపడతాయి. గుల్లగా ఉన్న నేలలో ఈ గుత్తులు తడిసినా చెదరవు. అట్టకట్టే నేలలో మొదటి వానకే విడిపోయి, సన్న రేణువులు సందుల్లో కూరుకుపోతాయి.

ఆస్ట్రేలియాలో పనిచేసిన టిస్‌డాల్, ఓడ్స్ 1982లో ఈ గుత్తులను అంచెలుగా చూపించారు. వాళ్లు గీసిన హద్దు 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు. అంతకంటే చిన్న గుత్తులను బంకమన్ను, కుళ్లి మిగిలిన సేంద్రియ పదార్థం, లోహ అయాన్లు గట్టిగా పట్టుకుంటాయి, అవి ఏళ్ల తరబడి ఉంటాయి. పెద్ద గుత్తులను నిలబెట్టేవి సన్న వేళ్లు, శిలీంధ్రపు పోగులు. దుక్కితో ముందుగా చెదిరేవి ఇవే, పంట మార్పిడితో తిరిగి కూడుకునేవీ ఇవే. ఈ నమూనాకు తరవాత చాలా సవరణలు వచ్చాయి. పెద్ద గుత్తి లోపలే చిన్న గుత్తి తయారవుతుందన్నది వాటిలో ముఖ్యమైనది. మొత్తం మీద ఆ చట్రం మాత్రం నిలిచింది.

ఏ శిలీంధ్రం, ఏ పంటతో

వేరు శిలీంధ్రాల్లో మనకు కావాల్సినవి రెండు రకాలు. ఒకటి వేరు కణాల లోపలికే వెళ్లి, అక్కడ కొమ్మలు కొమ్మలుగా చీలి, మొక్కకు భాస్వరం ఇచ్చి చక్కెర, కొవ్వు పదార్థాలు తీసుకునేది. భూమి మీద మొక్కల జాతుల్లో సుమారు 70 శాతం దీనితోనే జత కడతాయి. శనగ, కంది, మిరప, పత్తి, పొగాకు, నిమ్మ, మామిడి అన్నీ ఈ కోవలోవే. వ్యామ్ అని అమ్మేది దీన్నే. స్కాట్లండ్‌లో దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఈ కొమ్మల ఆనవాళ్లు ఉన్నాయి.

రెండోది వేరు బయట తొడుగులా అల్లుకునేది, కణాల్లోకి పోదు. చల్లని దేశాల పైన్ అడవుల్లో దీనిదే రాజ్యం. మన దగ్గర జామాయిల్, సరుగుడు రెండు రకాలతోనూ కలవగలవు. కొన్ని జామాయిల్ తోటల్లో వానలు పడ్డాక నేలను చీల్చుకుని గోధుమరంగు ఉండ లాంటిది పైకి వస్తుంది, ముదిరాక కాలితో తన్నితే పొడి లేస్తుంది. అది ఈ రెండో రకం శిలీంధ్రపు పుట్టగొడుగే.

ఏ రకంతోనూ కలవని పంటలూ ఉన్నాయి. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ కుటుంబం, తోటకూర, పాలకూర దాదాపుగా దీన్ని దగ్గరికి రానివ్వవు.

వెయ్యి రెట్లు పెంచి చూస్తే

ఈ పోగులు సాధారణంగా 2 నుంచి 20 మైక్రాన్ల మందం ఉంటాయి. ఈ అంకెలు చెబితే బుర్రకెక్కవు కాబట్టి అన్నిటినీ వెయ్యి రెట్లు పెంచుదాం. 5 మైక్రాన్ల పోగు అర సెంటీమీటరు మందం నులకతాడు అవుతుంది. బంకమన్నులో పెద్ద రేణువు ఆవగింజంత. అర మిల్లీమీటరు ఇసుక రేణువు అర మీటరు బండరాయి. పంట సన్నవేరు 30 సెంటీమీటర్ల మాను. బండల మధ్య సందుల్లోకి మాను దూరలేదు, నులక దూరుతుంది, చుట్టుకుంటుంది, దాని జిగురుకు ఆవగింజలు అంటుకుంటాయి. గుత్తి కట్టడమంటే దాదాపు ఇంతే.

ఇక పొడవు సంగతి. ఎకరం పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 850 టన్నులు. గ్రాము మట్టిలో 5 మీటర్ల పోగు ఉందనుకుందాం. పరిశోధనల్లో ఇంతకు తక్కువా వచ్చింది, చాలా ఎక్కువా వచ్చింది. ఆ లెక్కన ఎకరంలో 42 లక్షల కిలోమీటర్ల పోగు ఉన్నట్టు. చంద్రుడు మనకు 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అంటే ఆ దూరానికి 11 రెట్లు.

ఇదే పోగును కూడగట్టి తూకం వేస్తే? 5 మైక్రాన్ల మందంతో లెక్కవేస్తే పచ్చిగా 85 కిలోలకు అటూ ఇటూ, ఆరితే 20 కిలోలు. అదే ఎకరంలో సేంద్రియ కర్బనం అర శాతమే ఉన్నా 4 టన్నుల పైచిలుకు అవుతుంది. బరువును బట్టి చూస్తే ఈ శిలీంధ్రం లెక్కలోకే రాదు. మొదటి అంకె ఒక్కటే చెప్పి రెండోది దాచే ప్రచారాన్ని కాస్త అనుమానంగా చూడాల్సిందే. ఈ పోగు చేసే పని దాని బరువుతో కాదు, అది ఎక్కడెక్కడికి చేరిందన్నదానితో జరుగుతుంది.

ఒక బెడ్డ, రెండు గ్లాసులు

ఎర్రచెలక నేలలో చేను మధ్య నుంచి ఒక మట్టిబెడ్డ, అదే చేను గట్టు మీద గడ్డి మొదట్లోంచి ఇంకొకటి తీసి, నీడన ఆరబెట్టి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేస్తే తేడా తెలుస్తుంది. చేను బెడ్డ నీళ్లు తగలగానే బుసబుసమని బుడగలు వదులుతుంది. అంచులు జారిపోతాయి. చూస్తుండగానే అడుగున కుప్పకూలి, నీళ్లు ఎర్రబారతాయి. గట్టు బెడ్డ బుడగలు ఒక్కొక్కటిగా వదులుతుంది. నీళ్లు చాలాసేపు తేటగానే ఉంటాయి. తరవాత బయటికి తీస్తే ముద్ద ముద్దగానే చేతికొస్తుంది, సన్న వేళ్లు వేలాడుతుంటాయి.

ఎండిన మట్టి సందుల్లోకి నీళ్లు ఒక్కసారిగా చొరబడితే లోపలి గాలి నొక్కుకుపోయి గుత్తిని పగలగొడుతుంది. ఇక్కడ శిలీంధ్రం చేసే పని ఒక్కటి కాదు. పోగులు రేణువులను చుట్టి పట్టుకుంటాయి. వాటి నుంచి వచ్చే పిండి పదార్థాలు, ప్రోటీన్లు జిగురు పనిచేస్తాయి. ఆ జిగురు ఆరాక కొంతమేర నీటిని తోసిపుచ్చుతుంది, దాంతో తడి నెమ్మదిగా లోపలికి వెళ్తుంది, గాలికి బయటపడే వ్యవధి దొరుకుతుంది. పోగుల మీద చేరే బ్యాక్టీరియా తమ వంతు జిగురు కలుపుతాయి. మొక్క నీళ్లు లాగుతున్నప్పుడు వేరు చుట్టూ మట్టి ఆరి దగ్గరికి ముడుచుకోవడం కూడా గుత్తులకు సాయమే.

గట్టు బెడ్డ గట్టిదనాన్నంతా బూజు ఖాతాలో వేయడం మాత్రం సరికాదు. అక్కడ నాగలి పడదు, వేళ్లు ఎప్పుడూ ఉంటాయి, ఆకూ అలమూ కుళ్లుతాయి. వీటి వాటాలు విడదీయడానికి శాస్త్రవేత్తలు కుండీల్లో మధ్య గోడగా సన్న జల్లెడ పెడతారు. దాని కన్నాల్లోంచి పోగు వెళ్తుంది, వేరు వెళ్లలేదు. అలా వేరు లేని గదిలోనూ గుత్తులు గట్టిపడటం చాలా ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి శిలీంధ్రం వాటా ఉన్నట్టే. అదెంత అన్నది నేలను బట్టి, పంటను బట్టి, శిలీంధ్ర జాతిని బట్టి మారిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, సన్నపోగుల ఆయుష్షు. 2003లో వచ్చిన ఒక అంచనా ప్రకారం అది సగటున 5, 6 రోజులే. చచ్చిన పోగు మట్టికి అంటుకుని ఇంకొంత కాలం పనిచేస్తుంది. కొత్త పోగు రావాలంటే మాత్రం బతికున్న వేరు పక్కన ఉండాలి. ఫిబ్రవరిలో శనగ కోసి, మళ్లీ వానల దాకా ఖాళీగా ఎండే చేలో ఆ వేరు ఉండదు.

గ్లోమాలిన్ గొడవ

ఈ విషయం మీద ఏ వీడియో చూసినా గ్లోమాలిన్ అనే పేరు వస్తుంది. 1996లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త సారా రైట్ బృందం ఈ శిలీంధ్రపు పోగుల మీద జిగురు లాంటి ప్రోటీనును గుర్తించింది. అది ఎక్కువ ఉన్న నేలల్లో గుత్తులు నీళ్లకు చెదరకుండా ఉన్నాయని తేలింది. అక్కడి నుంచి మట్టిని అతికించే మహా జిగురుగా దాని పేరు మోగిపోయింది.

పేచీ దాన్ని కొలిచే పద్ధతిలో ఉంది. మట్టిని సిట్రేట్ ద్రావణంలో వేసి, ఆటోక్లేవ్ అనే ప్రెషర్ కుక్కర్ లాంటి పాత్రలో 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. ఎర్రగా, గోధుమగా దిగిన కషాయంలో ప్రోటీనును రంగు పరీక్షతో కొలుస్తారు. ఇంత వేడికి శిలీంధ్రపు ప్రోటీను ఒక్కటే దిగదు. ఇతర జీవుల ప్రోటీన్లు, హ్యూమస్ పదార్థాలు, ఆకుల్లోని టానిన్లు కూడా దిగుతాయి, రంగు పరీక్ష వీటిలో కొన్నిటిని ప్రోటీనుగానే చూపిస్తుంది. పైగా 2006లో జన్యువును వెతికినప్పుడు, అది దాదాపు అన్ని జీవుల కణాల్లో ఉండే, వేడి దెబ్బను తట్టుకోవడానికి కణానికి తోడ్పడే ఒక ప్రోటీనుకు దగ్గరి చుట్టమని తేలింది. అది మట్టికి జిగురుగా పనిచేయడానికే పుట్టిందని చెప్పడం అప్పటి నుంచి కష్టమైంది. ఇప్పుడు జాగ్రత్తగా రాసేవాళ్లు ‘గ్లోమాలిన్ సంబంధిత మట్టి ప్రోటీను’ అని రాస్తున్నారు.

ఇంత మాత్రాన శిలీంధ్రం గుత్తులు కట్టదని కాదు. జల్లెడ గోడ ప్రయోగాలకు గ్లోమాలిన్ లెక్కతో పని లేదు. మట్టి పరీక్ష కాగితంలో గ్లోమాలిన్ అని ఒక అంకె ఇస్తే, అందులో శిలీంధ్రానిది ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. అంతవరకే.

అభ్రకంలో పొటాష్ ఉంది, అందుతుందా?

ఇప్పుడు రేణువు ఏ ఖనిజంతో తయారైందన్న రెండో సంగతికి వద్దాం. సైదాపురం, రాపూరు, పొదలకూరు వైపు అభ్రకం గనుల పేరు అందరికీ తెలిసిందే. ఆ వైపు నేలల్లో వాన వెలిశాక ఎండ పడితే మట్టిలో పెచ్చులు తళుక్కుమంటాయి. ఇక్కడి అభ్రకం ఎక్కువగా మస్కవైట్ రకం, తెల్ల అభ్రకం. దాని రసాయన సూత్రం ప్రకారం బరువులో 9.8 శాతం పొటాషియం.

ఎకరం పై మట్టిలో ఒక్క శాతం అభ్రకం ఉందనుకుంటే 8.5 టన్నులు, అందులో పొటాషియం 830 కిలోలు. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉండే పొటాషియం సుమారు 25 కిలోలు. అంటే 33 బస్తాల సరుకు నేలలోనే ఉన్నట్టు. దీన్ని శిలీంధ్రం కరిగించి ఇస్తుందనే మాట రైతుకు ఆశ పుట్టించడంలో వింతేమీ లేదు.

అభ్రకం పొరలు పొరలుగా ఉంటుంది, పొటాషియం ఆ పొరల మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగడానికి జీవులకు ఉన్న దారులు ఆమ్లం, లోహాలను పట్టుకునే సేంద్రియ పదార్థాలు, పోగు మొన నొక్కే ఒత్తిడి. పైన్ చెట్ల శిలీంధ్రాలు ఆక్సాలిక్, సిట్రిక్ ఆమ్లాలు వదులుతాయి. 1997లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఐరోపా పైన్ అడవుల ఇసుక మట్టిలో ఫెల్డ్‌స్పార్ అనే రాతి ఖనిజపు రేణువులకు 3 నుంచి 10 మైక్రాన్ల సన్న సొరంగాలు ఉన్నాయని, అవి శిలీంధ్రాలు తొలిచినవేనని అందులో రాశారు. ‘రాయి తినే శిలీంధ్రాలు’ అన్న పేరు అలా పుట్టింది. తరవాత లెక్కలు తీస్తే, ఆ అడవుల్లో ఫెల్డ్‌స్పార్ అరుగుదలలో సొరంగాల వాటా ఒక శాతం కూడా లేదని వచ్చింది. సొరంగాలు నిజమే, వాటి గొప్ప మాత్రం తగ్గింది. 2009లో మరో బృందం పైన్ మొలకలతో పెంచిన శిలీంధ్రపు పోగును నల్ల అభ్రకం మీద పాకనిచ్చి చూసింది. పోగు కింద ఖనిజం నొక్కుకుపోయింది, పొటాషియం తగ్గింది, ఖనిజం రూపు మారడం మొదలైంది. అంటే రేణువు కూర్పును శిలీంధ్రం మారుస్తుందన్నది రుజువైంది. ఆ మార్పు జరిగిన లోతు నానోమీటర్లలో ఉంది. నానోమీటరంటే మైక్రానులో వెయ్యో వంతు.

ఇప్పుడు మన చేలకు తిప్పి చూడండి. ఆ ప్రయోగాల్లో ఉన్నది తొడుగు రకం శిలీంధ్రం, మన పంటల్లో ఉన్నది కణాల్లోకి వెళ్లే రకం. దీనికి ఆ ఆమ్లాలను పెద్దగా వదిలే అలవాటు లేదు. కాస్త ఆమ్లగుణం పెంచడం, ఖనిజాలను కరిగించే బ్యాక్టీరియాను పోషించడం దాని చేతిలో ఉన్నవి. అక్కడ నల్ల అభ్రకం, ఇక్కడ తెల్లది. నల్లదానితో పోలిస్తే తెల్ల అభ్రకం చాలా మొండిది. ఒక పంటకాలంలో రాతి పొటాష్ కరిగి వస్తుందన్న మాటకు ఇక్కడ ఆధారం కనపడదు. చీమకుర్తి క్వారీ పొడి చల్లి శిలీంధ్రం వేస్తే పొటాష్ వస్తుందనే మాట అయితే మొదట్లోనే తప్పుతుంది. వ్యాపారంలో గ్రానైట్ అని పిలిచినా అది గాబ్రో తరహా రాయి, అందులో పొటాషియమే తక్కువ.

భాస్వరం విషయంలో శిలీంధ్రం గొప్పదనం వేరు. అక్కడ రాయిని కరిగించడం కన్నా దూరం చేరడం ముఖ్యం. భాస్వరం మట్టిలో కదలదు. వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఖాళీ అయిపోతే వేరు ఆకలితో ఉంటుంది. పోగు కొన్ని సెంటీమీటర్ల అవతల నుంచి తెస్తుంది. నిమ్మజాతికి ఇది మరీ అవసరం, దాని వేళ్లకు నూగు తక్కువ. అమెరికాలో ఒకప్పుడు నర్సరీ మట్టిని పొగ మందులతో శుద్ధి చేస్తే నిమ్మజాతి మొలకలు ఎదగక గిడసబారాయి. కారణం భాస్వరం లోపమని, మందు శిలీంధ్రాన్ని చంపేయడం వల్ల అది వచ్చిందని 1972లో తేలింది.

కొని వేయాలా, ఉన్నదాన్ని కాపాడాలా

ఇక్కడ పరిశోధకుల్లోనే రెండు పక్షాలున్నాయి. 2018లో మేగన్ రయన్, జేమ్స్ గ్రాహం ‘న్యూ ఫైటాలజిస్ట్’ పత్రికలో ఒక వాదన పెట్టారు. పంట పెట్టుకునేటప్పుడు రైతు ఈ శిలీంధ్రాల సంఖ్య గురించి ఆలోచించాల్సినంత రుజువు లేదన్నది దాని సారాంశం. కుండీలో కనిపించిన లాభం పొలంలో కనిపించడం లేదని, వేళ్లలో శిలీంధ్రం పెరిగినా దిగుబడి పెరగని సందర్భాలు చాలా ఉన్నాయని వాళ్లు చూపించారు. మరుసటి ఏడు మథియాస్ రిలిగ్, మరికొందరు అదే పత్రికలో జవాబిచ్చారు. ఒక పంట దిగుబడి ఒక్కటే కొలబద్ద కాదని, గుత్తులు నిలవడం, నీరు ఇంకడం, దిగుబడిలో ఒడుదొడుకులు తగ్గడం కూడా చూడాలని వాళ్ల వాదన. నా మటుకు ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నట్టే అనిపిస్తుంది. దిగుబడి బస్తాల లెక్క అడిగితే మొదటివాళ్లకు బలం ఉంది. వాన నీటి లెక్క అడిగితే రెండోవాళ్లకు.

అమ్మే సరుకు నాణ్యత ఇంకో గొడవ. మన దేశంలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు వ్యామ్‌ను తెచ్చి, బతికున్న శిలీంధ్రం కనీసం ఇంత ఉండాలని పెట్టారు. ఇతర దేశాల్లో మార్కెట్ సరుకును పరీక్షించినప్పుడు వేళ్లకు అంటుకోనే అంటుకోని ఉత్పత్తులు చాలానే బయటపడ్డాయి. సరుకు మంచిదైనా, నేలలో అప్పటికే ఉన్న శిలీంధ్రాలతో పోటీ పడాలి.

డీఏపీ సంగతి కూడా ఉంది. వేరు స్ట్రైగోలాక్టోన్ అనే పదార్థాన్ని వదిలి శిలీంధ్రాన్ని పిలుస్తుందని 2005లో కనిపెట్టారు. భాస్వరం నిండుగా ఉంటే ఆ పిలుపు తగ్గుతుంది. రెండు బస్తాల డీఏపీ అంటే ఎరువుల లెక్కలో (P2O5గా) ఎకరానికి 46 కిలోల భాస్వరం. అప్పటికే భాస్వరం పేరుకున్న నేలలో అంత వేసి, దానితోపాటే వ్యామ్ చల్లితే మొక్కకు ఆ బూజుతో అవసరం పడదు.

రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు వానలకు ముందే నవధాన్యాలు చల్లి, ఏడాది పొడవునా నేలను పచ్చగా ఉంచాలంటున్నారు. బతికున్న వేరు లేనిదే పోగు లేదన్న సూత్రానికి ఇది సరిపోతుంది. కాకపోతే అలాంటి చేలో మట్టి మెరుగుపడితే అది ఆచ్ఛాదన వల్లా, దుక్కి తగ్గడం వల్లా, శిలీంధ్రం వల్లా అన్నది కంటితో చూసి చెప్పలేం. రైతుకు ఆ తేడాతో పని లేకపోవచ్చు. వ్యామ్ అమ్మేవాళ్లకు మాత్రం ఉంటుంది.

ఏ నేలలో ఎంత

ఎర్రచెలకల్లో, గరప నేలల్లో శిలీంధ్రానికి పని ఎక్కువ. బంకమన్ను తక్కువ, సేంద్రియం తక్కువ, వానకు అట్టకట్టే గుణం ఎక్కువ. వాటిలో ఉన్న ఇనుప ఆక్సైడ్లు కొంత పట్టు ఇస్తాయి, పెద్ద గుత్తులకు మాత్రం పోగులే ఆధారం. తీరంలో సరుగుడు వేరు పీకితే ఇసుక తొడుగులా అంటుకుని వస్తుంది. వేరు నూగు, జిగురు, పోగులు కలిసి చేసిన పని అది.

నల్లరేగడి కథ వేరు. అది తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చి తనంత తానే ముక్కలవుతుంది. గుత్తులు కట్టడానికి దానికి శిలీంధ్రం అంతగా అక్కర్లేదు. శనగ చేలో శిలీంధ్రం వల్ల లాభం వస్తే అది భాస్వరం రూపంలోనే ఎక్కువ.

పెన్నా డెల్టాలో వరికి దమ్ము చేయడమంటే గుత్తులను కావాలని చెదరగొట్టడమే. నీరు కిందికి ఇంకకుండా అది వరికి కావాలి. నిలిచిన నీళ్లలో గాలి అందక శిలీంధ్రం కూడా తగ్గుతుంది. వరి కోశాక వేసిన మినుము, పెసర వేళ్లలో మళ్లీ పుంజుకుంటుంది.

చవుడు నేలల్లో లెక్క ఇంకా కింద నుంచి మొదలవుతుంది. సోడియం ఎక్కువైతే బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి తోసుకుని నీళ్లలో విడిపోతాయి. 250 మైక్రాన్ల లోపు గుత్తులే నిలవని చోట, వాటిని కలిపి పెద్ద గుత్తి కట్టడం పోగు వల్ల కాదు. అక్కడ ముందు జిప్సం పడాలి, మంచి నీళ్లతో ఉప్పు కడగాలి. గడ్డి మొలిచి వేరు దిగాకే శిలీంధ్రానికి అక్కడ చోటు దొరుకుతుంది.